బొటనవేలి మొదట్లో వేసే సూది: ఏ నొప్పి ఎప్పుడు వస్తుంది

అరిగి నొప్పిపెడుతున్న బొటనవేలి మొదటి కీలులో స్టీరాయిడ్ (వాపును అణచే మందు) ఇంజెక్షన్ వేయించుకున్నానని తెలిసినప్పటి నుంచి నన్ను కలిసిన ఆడవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: నొప్పి ఎంత? మందు ఏమిటి, ఖర్చెంత, ఎన్నాళ్లు పనిచేస్తుంది అన్నవి ఆ తరువాతి సంగతులు. కొందరు అక్కడిదాకా రానే రారు. ఓర్చుకోగలిగినంతే ఉంటుందని చెప్పి పంపేయవచ్చు గానీ, ఆ మాట విని ధైర్యం తెచ్చుకున్నవారిని నేనింతవరకు చూడలేదు. ఆ సూదితో వచ్చేవి నాలుగైదు రకాల నొప్పులు. చర్మం మీద చురుక్కుమనేది ఒకటి, కీలు సందులోకి దిగేటప్పుడు వచ్చేది ఒకటి, మందు ఎక్కుతున్నప్పుడు వచ్చేది మరొకటి. అవన్నీ సద్దుమణిగి ఇల్లు చేరాక, రాత్రిపూట వచ్చేది వేరే. సూది గుచ్చే ఘడియ గురించి అందరూ భయపడుతున్నారు, ఆ రాత్రి గురించి మాత్రం ఎవరూ అడగడం లేదు. అందుకే ఈ విషయాన్ని కొంత వివరంగా రాయాలనిపించింది.

నేను అనంతపురంలో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయినిని. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సుద్దముక్కను, ఎర్ర కలాన్ని వదలని కుడిచేయి, తీరిక దొరికిన వయసులో మొరాయించడం మొదలుపెట్టింది. మొదట కుక్కరు మూత తిప్పేటప్పుడు, తరువాత తడి చీర పిండేటప్పుడు, ఆ పిమ్మట బీరువా తాళం తీసేటప్పుడు కూడా బొటనవేలి మొదట్లో, సరిగ్గా మణికట్టును ఆనుకొని ఉన్నచోట, కలుక్కుమనేది. ఎముకల డాక్టరు నా వేలిని పట్టుకొని లోపలికి నొక్కి గుండ్రంగా తిప్పినప్పుడు కరకరమన్న చప్పుడు నాకే తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ పరీక్షలో వచ్చిన నొప్పి, తరువాత వేసిన సూది నొప్పికి ఏమీ తీసిపోలేదు. అదే చోటికి కాస్త పైన, మణికట్టు పక్కన బొటనవేలిని కదిలించే కండరాల తాళ్ల (టెండన్ల) మీది పొర వాచినా ఇంచుమించు ఇలాగే నొప్పి వస్తుందట. దానికి సూది వేసే చోటు వేరు, కాబట్టి ఏ నొప్పి ఎక్కడిదో తేల్చుకోవడానికి ఆ నొక్కి చూడటం తప్పదు.

ఈ కీలు చూడటానికి చిన్నదే గానీ మోసే బరువు చిన్నది కాదు. మణికట్టులో ట్రెపీజియం అనే చిన్న ఎముక, దాని మీద బొటనవేలి మొదటి పొడవాటి ఎముక, రెండూ జీను ఆకారంలో ఒకదానిపై ఒకటి అడ్డంగా కూర్చుంటాయి. వేలు అటూ ఇటూ, లోపలికీ బయటికీ ఇన్ని వైపులకు తిరగగలగడానికి ఆ ఆకారమే కారణం, తొందరగా అరగడానికీ అదే ఒక కారణం. కూనీ, చావ్ అనే పరిశోధకులు 1977లో కట్టిన లెక్క ప్రకారం, బొటనవేలి కొసతో ఒక కిలో బలంతో ఏదైనా వస్తువును అదిమిపట్టుకుంటే ఈ మొదటి కీలు మీద పన్నెండు కిలోల దాకా ఒత్తిడి పడుతుంది. పిడికిలి గట్టిగా బిగిస్తే అది 120 కిలోల వరకు పోతుంది. ముట్లు ఆగిపోయిన వయసు స్త్రీలలో ఈ కీలు అరుగుదల మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

మా జిల్లాలో ఈ లెక్క విన్నవారికి ఎవరికైనా ముందు చెనక్కాయలు గుర్తుకు రావాలి. ముంగారు వానలకు ముందు విత్తనం కోసం కాయలు వలిచే పని తరతరాలుగా ఆడవాళ్లదే. యంత్రంలో వేస్తే గింజ మీది పొర చిట్లి మొలక దెబ్బతింటుందని విత్తనపు కాయలను చేత్తోనే వలిచేవారు, ఇప్పటికీ వలిచే ఇళ్లు ఉన్నాయి. కాయ ముక్కును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి టప్పున నొక్కడం, గింజలు చేటలో రాల్చడం, మళ్లీ ఇంకో కాయ అందుకోవడం. ఒక్కో నొక్కుకు పన్నెండింతల భారం ఆ జీను మీద పడుతుందని తెలిశాక, కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఉండే మా పుట్టింటి పెద్దవదిన బొటనవేలి మొదట్లో గూడు కట్టినట్లు ఎముక ఎందుకు పొడుచుకొచ్చిందో అడగనక్కరలేకపోయింది. వలిచిన తరువాత సంగటి కెలకడం ఎలాగూ ఉండనే ఉంది.

ఇంజెక్షన్ దాకా వచ్చే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిని ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. వేలిని కదలనీయకుండా పట్టి ఉంచే స్ప్లింటును ఈ కీలు అరుగుదలకు గట్టిగా సిఫారసు చేస్తున్నట్లు అమెరికాలోని కీళ్ల వైద్యుల సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ, 2019 మార్గదర్శకాలలో ఉంది. పైపూత జెల్లులు, అవసరమైనప్పుడు మాత్రలు, బరువును వేళ్లమీద కాకుండా అరచేతి మీద మోసే అలవాటు, ఇవన్నీ ముందు చూడవలసినవే. నేను స్ప్లింటు వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను. బీపీ, కిడ్నీ, కడుపులో మంట ఉన్నవారికి నొప్పి మాత్రలు ఎక్కువ కాలం పనికిరావు గనుక, వాళ్ల విషయంలో డాక్టర్లు సూది ప్రస్తావన కొంచెం త్వరగా తెస్తారు. నా విషయంలో జరిగింది కూడా అదే.

ఇక సూది సంగతి. సాయినగర్ ఆసుపత్రుల వీధిలో నేను వెళ్లిన చోట పెద్ద హంగామా ఏమీ లేదు. ఒక బల్ల, బల్ల మీద మడిచిన తువ్వాలు, తువ్వాలు మీద నా చేయి. అరచేయి కిందికి గానీ పైకి గానీ కాకుండా, కరచాలనం చేయబోతున్న భంగిమలో, బొటనవేలు పైకి ఉండేలా. డాక్టరు తన బొటనవేలి గోటితో నా కీలు సందు ఎక్కడుందో తడిమి తడిమి వెతికారు. ఆ వెతకడానికి పట్టిన సమయంతో పోలిస్తే అసలు సూది పట్టిన సమయం చాలా తక్కువ. వెతికి పట్టుకున్న చోట గోటితో చిన్న నొక్కు గుర్తు పెట్టి, బెటడిన్ రాసి, సిరంజిని నాకు కనబడకుండా అవతలి పక్కకు పెట్టబోయారు. నేను చూస్తానన్నాను. చూడటం వల్ల నాకు భయం తగ్గింది. అందరికీ తగ్గుతుందని చెప్పలేను, తరువాత ఇదే సూది వేయించుకున్న మా వదిన మొత్తం సేపూ గోడ మీది క్యాలెండరు వైపే తిరిగి కూర్చుంది.

సూది సన్నది. సిరంజికి తగిలించే ప్లాస్టిక్ మొదలు గోధుమరంగులో ఉన్న 26 గేజి సూది. గేజి అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందన్నది చాలామందికి తెలియదు. ఇది దాదాపు అరమిల్లీమీటరు కన్నా కాస్త తక్కువ లావు ఉంటుంది. ఇన్సులిన్ సూదులు దీనికన్నా ఇంకా సన్నవి, రక్తం తీసే సూదులు దీనికన్నా లావువి. అంటే రక్తపరీక్షకు చేయి చాచిన మనిషికి చర్మం మీద ఈ సూది వల్ల అంతకు మించిన బాధ ఉండదు. పైగా సూది దిగేది చేతి వెనకవైపు పక్కగా. అరచేతి చర్మంలో ఉన్నంత చురుకు అక్కడి చర్మంలో ఉండదు. చురుక్కుమంది, అయిపోయింది. ఇది మొదటి నొప్పి, అన్నింటిలోకీ తక్కువది. విచిత్రమేమంటే అందరి భయమూ దీని మీదే.

రెండోది కీలులోకి దిగేటప్పటిది. కీలు గుజ్జులో నొప్పి తెలిపే నరాలు ఉండవు. నొప్పి తెలిసేది దాని చుట్టూ ఉన్న సంచి లాంటి పొరకు, ఎముకలను కలిపి ఉంచే కట్లకు, ఎముక పైపొరకు. సూది ఆ పొరను దాటేటప్పుడు ఒక మొద్దు పోటు వస్తుంది, అది సహించదగినదే. కానీ అరిగిన కీలులో సందు ఇరుకైపోయి, అంచుల్లో ఎముక ముళ్లు పెరిగి ఉంటాయి గనుక, సూది మొన నేరుగా సందులోకి పోకుండా ఎముకను తాకడం తరచుగా జరుగుతుంది. అలా తాకినప్పుడు వచ్చే పోటు పదునుగా, మోచేతి దాకా పాకినట్లు ఉంటుంది. డాక్టరు మొనను కొంచెం వెనక్కి తీసి, కోణం మార్చి, మళ్లీ ముందుకు పంపుతారు. నాకు ఇది ఒకసారితో సరిపోయింది. కీలు ఎంత అరిగి ఉంటే ఈ వెతుకులాట అంత ఎక్కువవుతుంది కాబట్టి, ఒకరికి అయినంతే ఇంకొకరికి అవుతుందని చెప్పడానికి లేదు. ఎవరైనా నాకసలు నొప్పే తెలియలేదన్నా, నాకు ప్రాణం పోయిందన్నా, ఇద్దరూ నిజమే చెబుతున్నారని అనుకోవాలి.

సందు తెరుచుకోవడం కోసం నర్సు గానీ డాక్టరు గానీ బొటనవేలి కొసను పట్టుకొని ముందుకు లాగి ఉంచుతారు. వాచి ఉన్న కీలును లాగడం కదా, అది కూడా ఒక నొప్పే. కానీ ఆ లాగడం వల్లే సూదికి దారి దొరుకుతుంది, కాబట్టి ఆ నొప్పి మనకు మేలు చేసేదే. అప్పుడు మనం చేయగలిగిన సాయం ఒక్కటే, వేలిని బిగించకుండా వదిలేయడం. "వేలు నాకిచ్చేయండి మేడమ్, మీరు పట్టుకోవద్దు" అన్నారు డాక్టరు. చెప్పినంత సులువు కాదది. భయపడిన మనిషి ముందుగా బిగించేది చేతినే, బిగించిన చేతిలో సందు మూసుకుంటుంది, మూసుకున్న సందులో సూది ఎముకకు తగులుతుంది. ఊపిరి నెమ్మదిగా వదులుతూ భుజం కిందికి జారవిడిస్తే వేలు తనంతట తానే వదులవుతుందని నాకు ఆ బల్ల దగ్గరే తెలిసింది.

మూడోది మందు ఎక్కేటప్పటిది, నా మటుకు నాకు ఆ గదిలో అన్నిటికన్నా ఎక్కువ అనిపించింది ఇదే. ఈ కీలులో పట్టే చోటు చాలా కొద్ది. అందులోకి పంపే మందు అర మిల్లీలీటరు నుంచి ఒక మిల్లీలీటరు లోపే ఉంటుంది. అయినా ఆ కొద్దిపాటి మందుకే కీలు నిండిపోతుంది. సైకిల్ ట్యూబులో పట్టినదానికన్నా గాలి ఎక్కువ కొట్టినప్పుడు అది ఎలా బిగుస్తుందో, సరిగ్గా అలా వేలి మొదలంతా లోపలి నుంచి బిగుసుకుంది. పగిలిపోతుందేమో అన్న భావం కలిగింది. దీనికి మందు ఎంత వేగంగా నెట్టారన్నదే ముఖ్యం. నెమ్మదిగా నెడితే బిగుతు నెమ్మదిగా వస్తుంది, పొర సాగడానికి వ్యవధి దొరుకుతుంది. మా డాక్టరు పది అంకెలు లెక్కపెట్టినంత సేపు తీసుకొని నెట్టారు. "నెమ్మదిగా ఎక్కించండి" అని ముందే అడగడంలో తప్పేమీ లేదు. అడిగినందుకు కోప్పడిన డాక్టరు నాకు తారసపడలేదు.

ఆ మందు పాలలాగా తెల్లగా ఉంటుంది, ఎందుకంటే అది నీళ్లలో కరిగిపోని స్టీరాయిడ్ నలుసులు తేలుతూ ఉండే ద్రవం. ట్రయామ్సినలోన్ గానీ మిథైల్‌ప్రెడ్నిసలోన్ గానీ వాడతారు. మన వైపు మందుల షాపుల్లో కెనకార్ట్ అంటే అందరికీ తెలుసు. దానితోపాటు అదే సిరంజిలో లిగ్నోకేయిన్ అనే తిమ్మిరి మందు కలుపుతారు. సూది తీసి దూది పెట్టిన కొద్ది నిమిషాలకే నా వేలి నొప్పి పూర్తిగా మాయమైంది. నెలల తరబడి నన్ను వేధించిన కీలును డాక్టరు మళ్లీ నొక్కి తిప్పితే ఏమీ తెలియలేదు. ఇది లిగ్నోకేయిన్ మహిమే తప్ప స్టీరాయిడ్‌ది కాదని, అది దిగిపోయాక నొప్పి తిరిగి వస్తుందని ఆయన అప్పుడే చెప్పారు. కానీ అలా మాయం కావడం వల్ల ఒక ప్రయోజనం ఉంది: మందు సరైన కీలులోకే వెళ్లిందని, నొప్పి పుట్టుక అక్కడేనని తేలుతుంది.

నొప్పి తగ్గించడానికి ఆసుపత్రులలో వాడే ఉపాయాల గురించి కొంత చదివాను, కొంత అడిగి తెలుసుకున్నాను. గుచ్చే ముందు చర్మాన్ని చల్లబరిచే స్ప్రే ఒకటి ఉంది. కొన్ని క్షణాలు పనిచేస్తుంది, ఆ కొన్ని క్షణాలే కావలసింది. లిగ్నోకేయిన్, ప్రిలోకేయిన్ రెండున్నర శాతం చొప్పున కలిపిన క్రీము మరొకటి. దాన్ని దాదాపు గంట ముందు దట్టంగా రాసి పైన ప్లాస్టిక్ పొర కప్పి ఉంచాలి. అది చర్మాన్ని మాత్రమే మొద్దుబారుస్తుంది, కీలు పొర దాకా పోదు. చర్మం నొప్పి అన్నింటిలోకీ చిన్నదని పైన చెప్పాను గనుక, దాని కోసం గంట కూర్చోవడం అవసరమా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన సంగతి. సూదంటే కళ్లు తిరిగి పడిపోయేవారికి మాత్రం నేనైతే ఆ క్రీమునే సూచిస్తాను. ముందు విడిగా తిమ్మిరి సూది వేసి తరువాత మందు సూది వేసే పద్ధతి కూడా ఉంది. లిగ్నోకేయిన్‌కు ఆమ్ల గుణం ఉండటం వల్ల చర్మం కింద అది మండుతుంది. ఒక మంటను తప్పించడానికి ఇంకొక మంటను కొనితెచ్చుకోవడం ఇంత చిన్న కీలు విషయంలో నాకు లాభసాటిగా తోచలేదు.

స్కానింగు చూస్తూ వేయడం వీటన్నిటికన్నా మేలైన ఉపాయమని నా అభిప్రాయం. అల్ట్రాసౌండ్ తెర మీద సూది మొన ఎక్కడికి పోతున్నదో కనబడుతుంది కాబట్టి, ఎముకను తడుముకుంటూ వెతకవలసిన అవసరం తగ్గుతుంది. ఆ చోటికి అతి దగ్గరలోనే మణికట్టు నాడి రక్తనాళం, చేతి వెనక భాగానికి స్పర్శనిచ్చే సన్నని నరం కొమ్మలు పోతున్నాయి. వాటికి తగలకుండా ఉండటానికీ స్కానింగు ఉపయోగపడుతుంది. సూది దిగుతున్నప్పుడు కరెంటు కొట్టినట్లు బొటనవేలి వెనక వైపుకు జివ్వుమని పాకితే, పళ్లు బిగబట్టి ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి. అది ఓర్చుకోవలసిన నొప్పి కాదు, సూది చోటు మార్చమని చెప్పే నొప్పి. మన ఆడవాళ్లకు డాక్టరు ముందు నోరు విప్పకుండా ఓర్చుకోవడం మర్యాద అన్న అలవాటు ఒకటి ఉంది. ఈ ఒక్కచోట దాన్ని పక్కన పెట్టాలి.

ఇక ఆ రాత్రి. లిగ్నోకేయిన్ గంటా రెండు గంటలలో దిగిపోతుంది. స్టీరాయిడ్ పనిచేయడానికి కొన్ని రోజులు, ఒక్కొక్కరికి వారం దాకా పడుతుంది. ఈ రెండింటికీ మధ్య ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీలో, కీలులో ఉన్న స్టీరాయిడ్ నలుసులే కొందరికి మంట పుట్టిస్తాయి. దీన్ని డాక్టర్లు స్టీరాయిడ్ ఫ్లేర్ అంటారు. అందరికీ రాదు. నాకు వచ్చింది. పొద్దుగూకేసరికి వేలి మొదలు వెచ్చబడి, అన్నం కలపడానికి కూడా వీల్లేకుండా పోయి, రాత్రంతా నాడి కొట్టుకున్నట్లు కొట్టుకుంది. మునుపటి నొప్పి కదిలిస్తేనే వచ్చేది, ఇది కదలకుండా పడుకున్నా ఉంది. సూదికి ముందే దీని గురించి డాక్టరు చెప్పి ఉన్నారు గనుక ఏదో వికటించిందని కంగారుపడలేదు. తువ్వాలులో చుట్టిన ఐసు కాసేపు, పారాసిటమాల్ మాత్ర, చేతి కింద ఎత్తుగా దిండు, వేలికి స్ప్లింటు, ఇంతే చికిత్స. మరునాటి సాయంత్రానికి తగ్గుముఖం పట్టింది. సూది వేసిన రోజున, మరునాడు ఇంట్లో వంట ఎవరు చేస్తారో ముందే ఏర్పాటు చేసుకోవాలని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

ఈ ఫ్లేర్‌ను, చీము పట్టడాన్ని వేరుగా గుర్తించాలి. ఫ్లేర్ మొదటి రోజే మొదలై రెండు మూడు రోజులలో తగ్గుతూ పోతుంది. అలాకాక రోజులు గడిచేకొద్దీ నొప్పి పెరుగుతూ, ఎర్రబారి, వాపు పైకి పాకుతూ, చలిజ్వరం వస్తే ఐసు పెట్టుకొని కూర్చోకూడదు, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. కీలులో చీము పట్టడం చాలా అరుదు గానీ, పడితే ఆలస్యం చేసేకొద్దీ కీలుకు నష్టం.

షుగరు ఉన్నవారికి ఇంకొక సంగతి. చిన్న కీలులో వేసిన కొద్ది మందే అయినా కొంత రక్తంలోకి చేరి, కొన్ని రోజులపాటు, కొందరికి వారం దాకా షుగరు పెంచుతుంది. అది నొప్పిగా తెలియదు, మీటరులో తెలుస్తుంది. అప్పటికే షుగరు అదుపులో లేనివారికి సూదిని వాయిదా వేయడం మామూలే. ముఖం ఒకటి రెండు రోజులు ఎర్రబడి వేడిగా అనిపించడం కూడా ఉంటుంది, దాని గురించి బెంగపడనక్కరలేదు. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ మాట ముందే చెప్పాలి. వాటిని తమంతట తాము ఆపేయకూడదు.

నొప్పికి సంబంధం లేకపోయినా మన వైపు ఆడవాళ్లు సూదికన్నా ఎక్కువగా భయపడేది ఒకటుంది, అది తెల్ల మచ్చ. మందు కీలులో పడకుండా కొంత చర్మం కిందికి జారితే, అక్కడ చర్మం రంగు తగ్గి తెల్లబారవచ్చు, కింది కొవ్వు కరిగి చిన్న గుంట పడవచ్చు. బొటనవేలి కీలు చర్మానికి దగ్గరగా ఉండటం వల్ల ఈ అవకాశం ఎక్కువ, మన చామనఛాయ ఒంటి మీద ఆ మచ్చ బాగా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. చేతి మీద తెల్ల మచ్చ చూడగానే బొల్లి అనేసే ఊళ్లు మనవి. పెళ్లి కావలసిన ఆడపిల్లలున్న ఇంట్లో ఆ మాట ఎంత దూరం పోతుందో నేను చెప్పనక్కరలేదు. ఇది బొల్లి కాదు, ఇతర చోట్లకు పాకదు, చాలామందికి నెలల మీద రంగు తిరిగి వస్తుంది. అయితే కొందరికి అలాగే మిగిలిపోతుంది కూడా, ఆ సంగతి దాచి సూది వేయించడం న్యాయం కాదు.

పల్లెల్లో ఉన్న ఇంకొక గందరగోళాన్ని కూడా ప్రస్తావించాలి. ఒళ్లునొప్పులకు, మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీల దగ్గర పిర్రకు వేయించుకునే 'నొప్పుల సూది'ని, ఈ కీలు సూదిని జనం ఒకటే అనుకుంటున్నారు. పిర్రకు వేసే సూదిలో స్టీరాయిడ్ ఉంటే అది ఒళ్లంతటికీ పోతుంది. పదేపదే వేయించుకుంటే ఎముకలు పెళుసుబారడం, షుగరు రావడం, ముఖం ఉబ్బడం వంటివన్నీ వస్తాయి. కీలులో వేసేది చాలా కొద్ది మోతాదు, చాలావరకు అక్కడే ఉండి పనిచేసేది. మా వదిన మొదట ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. ఆ నొప్పుల సూదులతో ఒళ్లు పాడుచేసుకున్న మనిషి వాళ్ల ఊళ్లోనే ఉంది.

చివరికి ఆమె ఒప్పుకున్నది నా మాటల వల్ల కాదు, సంగటి కెలకలేక. "నీకెంత నొప్పయిందో ఉన్నదున్నట్లు చెప్పు పాపా, దాచిపెట్టి చెప్తే నేను రాను" అంది. ఆ రాత్రి సంగతితో సహా అంతా చెప్పాను. తీరా బల్ల దగ్గర కూర్చున్నాక వచ్చిన చిక్కు నొప్పిది కాదు, గాజులది. ముత్తైదువ, చేతికి నిండుగా మట్టిగాజులు. తీయాలేమోనని ఆమె ముఖం మాడిపోయింది. "తీయనక్కరలేదమ్మా, పైకి ఎక్కించుకోండి చాలు" అని డాక్టరు అనడంతో, నర్సు వాటిని ముంజేతి పైకి తోసి, జారకుండా గాజుగుడ్డతో కట్టింది. ఆమె కీలు నాదానికన్నా బాగా అరిగి ఉంది. సూది ఎముకకు తగలడం, కోణం మార్చడం నాకన్నా ఎక్కువే జరిగింది. ఆ సేపంతా ఆమె పెదవి కొరుక్కోవడం నేను చూశాను. బయటికి వచ్చాక మాత్రం "సూది నొప్పి ఏం లేదు పాపా, ఆ వేలు లాగి పట్టుకునిందే ప్రాణం మీదికొచ్చె" అంది. ఆ రాత్రి ఆమెకు ఫ్లేర్ రానే లేదు, హాయిగా నిద్రపోయింది. ఉదయం షుగరు మాత్రం ఎప్పుడూ లేనంత చూపించింది, నాలుగైదు రోజులకు మళ్లీ దారికొచ్చింది.

ఇంత ఓర్చుకున్నందుకు దక్కేదేమిటి అన్న ప్రశ్నకు వైద్యులలోనే ఏకాభిప్రాయం లేదు. ఈ కీలు అరుగుదల ఉన్న 40 మంది మీద జరిపి 2004లో ప్రచురించిన ఒక పరీక్షలో, స్టీరాయిడ్ వేసినవారికీ ఉప్పునీళ్లు వేసినవారికీ ఆరు నెలలకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఐరోపా నిపుణుల సంఘం యూలార్ 2018లో, చేతి కీళ్ల అరుగుదలకు ఈ సూదులను సాధారణంగా వాడకూడదని చెప్పింది. ఆ మరుసటి ఏడాది అమెరికా మార్గదర్శకాలు షరతులతో వాడవచ్చన్నాయి. నా అనుభవంలో మొదటి వారం గడిచాక వచ్చిన సుఖం నిజమైనదే, కొన్ని నెలలు నిలిచింది, ఆ తరువాత మెల్లగా జారిపోయింది. అరిగిన గుజ్జును ఈ మందు తిరిగి తేలేదు, లోపలి వాపును మాత్రం అణచగలదు. నొప్పి పొంగినప్పుడు ఒక పంటకాలాన్నో, ఇంట్లో పెళ్లి పనులనో గట్టెక్కించడానికి దీన్ని వాడుకోవచ్చు. ఏడాది పొడవునా దీనిమీదే బతకాలనుకోవడం పొరపాటు. ఎక్స్‌రేలో కీలు ఎంత అరిగి కనిపించినా నొప్పి అంతే ఉండాలని లేదు కాబట్టి, ఫిల్ము చూసి భయపడి సూదికి పరుగెత్తనూ అక్కరలేదు.

హైలురోనిక్ ఆమ్లం అనే జిగురు ద్రవం, మన రక్తం నుంచే తీసి వేసే పీఆర్‌పీ అనేవి కూడా ఈ కీలుకు వేస్తున్నారు. మొదటిది చిక్కనిది, సన్నని సూదిలోంచి దాన్ని నెట్టడం కష్టం, వేసిన చోట నొప్పి కూడా ఎక్కువగా ఉండవచ్చు. ఈ కీలుకు దాన్ని వాడవద్దనే వైపుకే 2019 మార్గదర్శకాలు మొగ్గు చూపాయి. ఖర్చు కూడా స్టీరాయిడ్‌తో పోల్చలేనంత ఎక్కువ. చేతిలో డబ్బులున్నంత మాత్రాన ఖరీదైనదే మంచిదనుకొని దానికి పోవడంలో నాకు అర్థం కనబడలేదు.

ఒకే కీలులో స్టీరాయిడ్ మళ్లీ వేయించుకోవాలంటే కనీసం మూడు నెలల వ్యవధి ఉండాలని మా డాక్టరు లెక్క, చాలామంది పాటించేది కూడా అదే. ప్రతిసారీ ఉపశమనం ముందుకన్నా తక్కువ కాలం ఉంటున్నదంటే ఇంకొక సూది కోసం ఒత్తిడి చేయడం కంటే ఆపరేషన్ గురించి మాట్లాడటం మంచిది. ఆ ఆపరేషన్‌లో అరిగిన ట్రెపీజియం ఎముకను తీసివేస్తారు. ఆపరేషన్ ఆలోచన ఉన్నవారు ఈ మధ్యే వేయించుకున్న సూది సంగతి సర్జనుకు తప్పక చెప్పాలి. సూదికీ ఆపరేషన్‌కూ మధ్య మూడు నెలలైనా లేకపోతే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది.

వెళ్లబోయేవారికి రాకపోకల గురించి ఒక మాట. కుడిచేతికి వేయించుకునేవారు ఆ రోజు స్కూటరు తోలుకుంటూ పోవద్దు, తిమ్మిరెక్కిన బొటనవేలు హ్యాండిలు మీద ఉందో లేదో కూడా తెలియదు. ఉంగరం ఇంట్లోనే తీసిపెట్టండి, వేలు వాచాక రాదు. పల్లెల నుంచి వచ్చేవారు సాయంత్రపు బస్సులో నిలబడి పైకమ్మి పట్టుకొని తిరిగిపోవలసిన పరిస్థితి రాకుండా పొద్దున్నే వేయించుకొని, వెంట ఒక మనిషిని తెచ్చుకోవడం మంచిది. మా వదిన ఈసారి ఎడమచేతికి వేయించుకుంటానంటోంది. విత్తనపు కాయలు వలవడం ముగిశాక రమ్మన్నాను, ముందే రమ్మంటే సూది వేసిన మరునాడే చేట ముందేసుకొని కూర్చుంటుందని నాకు తెలుసు.